ఎనిమిదో వంతు

సాంబయ్య గుర్రం కాలిని అరచేత్తో చూడడు. చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు ఆనించి చూస్తాడు. పార పట్టీ, కాయ కోసే చిక్కం కర్ర పట్టీ అరచేతులు మొద్దుబారిపోయాయనీ, వాటికి వేడీ చల్లనా ఒకటేననీ అంటాడు. "మా అమ్మాయి దివ్యకి జొరమొచ్చినా ఇట్టాగే చూసేవాణ్ణండీ" అన్నాడు ఒకసారి.

ఆ సాయంత్రం గుర్రాన్ని మామిడి వరసల మధ్య దున్నిన మెత్తటి నేల మీద రెండుసార్లు అటూ ఇటూ నడిపించి తీసుకొచ్చి, రేకుల షెడ్డు పక్కన నిలబెట్టి, గొంతు కూర్చున్నాడు. ఎడమ ముంగాలు. మోకాలికీ గిట్టకీ మధ్య, వెనకవైపు బిగించిన తాడులా దిగే నరం మీద వేళ్ళు ఆనించాడు. తర్వాత కుడి కాలికి ఆనించాడు. మళ్ళీ ఎడమకాలికి.

తిరుపతిరావు స్కూటరుకి స్టాండు వేసి, రాలుకాయల సంచీ తీస్తూ ఆ చేతినే చూస్తున్నాడు.

"ఉందా?"

"ఉందండీ."

"నిన్న లేదన్నావు కదయ్యా."

"నిన్న పొద్దున లేదండీ. రాత్రంతా నిలబడ్డాక, పొద్దున్నే బోరునీళ్ళు పట్టాక ఉండదు. నడిపించాక వచ్చిద్ది. మొన్నా అంతే."

"ఎండకి వేడెక్కిందేమో."

సాంబయ్య తలెత్తి చూశాడు. "ఎండకైతే రెండు కాళ్ళూ ఎక్కాలి కదండీ" అన్నాడు మెల్లగా, తప్పుపట్టినట్టు కాకుండా.

తిరుపతిరావు వంగి తనూ చెయ్యి ఆనించాడు. చర్మం కింద ఏదో గోరువెచ్చగా ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. నిజంగా తెలుసుకోవాలంటే ఇంకొంచెంసేపు ఆనించి ఉంచాలి. ఆయన చెయ్యి తీసేశాడు.

ఆడగుర్రం సంచీలోకి మూతి పెట్టేసింది. నాలుగేళ్ళది, ముదురు గోధుమ రంగు, నుదుట వేలెడు తెల్లమచ్చ. తిరుపతిరావు ఒక రసం కాయ తీసి అరచేతిలో పెట్టి చాపాడు. పెదాలతో సుతారంగా అందుకుని, ఒక్క నొక్కు నొక్కింది. రసం గడ్డం మీదుగా కారింది. కాసేపు నమిలి టెంకను ఆయన చెప్పు మీద వదిలేసి, ఇంకోటి ఏదని చూసింది. తిరుపతిరావు నవ్వాడు. అరవయ్యేళ్ళ మనిషి, ఈ ఏడు పూత మీద నల్ల తామర పురుగు పడి చెట్టుకి పదికాయలు నిలవని మనిషి, ఇంట్లో నాలుగు నెలలుగా నవ్వని మనిషి, ఆ గుర్రం టెంక ఉమ్మేసినప్పుడల్లా నవ్వుతాడు.

దాని పేరు చిన్నరసం. ఎనిమిదిమంది కలిసి కొన్న రేసు గుర్రం. పేరు పెట్టేరోజున ఎనిమిది చీటీలు వేస్తే ఈయన చీటీ వచ్చింది. హైదరాబాదులో మైకులో ఆ పేరు పలికినప్పుడు నూజివీడు తోటలన్నీ తలెత్తి విన్నట్టు అనిపించిందాయనకి. అది గెలిచింది ఒకే ఒక్కసారి. ఆ ఫోటో ఇంట్లో హాల్లో ఉంది. గెలిచిన గుర్రాన్ని యజమాని చేత్తో పట్టుకుని నడిపించుకురావాలి కదా, ఒక్క తాడుని ఎనిమిదిమంది పట్టుకున్నారు. తిరుపతిరావుకి జానెడు తాడు కూడా దొరకలేదు, చివర్న రెండు వేళ్ళు మాత్రం ఆనించి, కెమెరా వైపు కాకుండా గుర్రం మెడ వైపు చూస్తున్నాడు.

ఫిబ్రవరిలో కాలు వాచింది. రేసు లాయంలో ఉత్తినే నిలబెట్టి మేపడం దండగని, మెత్తటి నేల ఉందని, నీళ్ళున్నాయని, ఈయన తోటకి పంపారు. అప్పట్నించీ సాంబయ్యే దానికి తల్లీ తండ్రీ. రెండు పూటలా బోరు గొట్టంతో ఇరవై నిమిషాలు కాలి మీద నీళ్ళు పడతాడు. గిట్టల్లో మట్టి ఇనప కొక్కెంతో తీస్తాడు. పట్టీ చుడతాడు, విప్పుతాడు, ఉతికి ఆరేస్తాడు. దాన్ని చిన్నరసం అనడు. "బుజ్జమ్మా" అంటాడు.

"డాక్టరుగారు మిషను పెట్టి చూసెళ్ళారు కదండీ, ఏమన్నారంట?" అన్నాడు సాంబయ్య గొట్టం అందుకుంటూ.

"ఇంకా చెప్పలేదు."

"ఈ వేడి సంగతి మీరు చెప్పండి. ఆయనొచ్చింది పొద్దున పూట. అప్పుడు చల్లగానే ఉంటది."

"చెబుతాలే" అన్నాడు తిరుపతిరావు.

మర్నాడు మధ్యాహ్నం రవిచంద్ర వచ్చాడు. హైదరాబాదులో అపార్టుమెంట్లు కడతాడు, ఎనిమిదిమందిలో పెద్దరికం అతనిదే, వయసుకి మాత్రం అందరికన్నా చిన్న. విజయవాడలో ఏదో పెళ్ళికి వచ్చి, హనుమాన్ జంక్షన్ మీదుగా కారు తిప్పుకుని తోటకి వచ్చాడు. తిరుపతిరావుని బాబాయ్ గారూ అని పిలుస్తాడు.

తిరుపతిరావు భార్య ప్రమీలారాణి షెడ్డులోనే అరిటాకులు వేసి భోజనాలు పెట్టింది. మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు, చివర్న రసాలు. రవిచంద్ర చేతులు మోచేతులదాకా రసం చేసుకుని ఐదు పండ్లు జుర్రాడు. చెయ్యి కడుక్కొచ్చి, కార్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి తిరుపతిరావు ఒళ్ళో పెట్టాడు.

"ఏంటి ఇది?"

"విప్పండి."

జాకీ చొక్కా. పట్టులా జారిపోయే గుడ్డ, పండిన బంగినపల్లి పసుపు, భుజాలు ఆకుపచ్చ. మూడేళ్ళ కిందట ఆయన కాగితం మీద రంగు పెన్సిళ్ళతో వేసిచ్చిన రంగులు. ఎనిమిది వాటాల గుర్రానికి ఒక్కో ఏడాది ఒక్కరి రంగులు. ఈయన వంతు వచ్చేసరికి గుర్రం కుంటింది.

"ఈ సీజను రేసు పుస్తకంలో యజమానుల్లో మొదటి పేరు మీదే బాబాయ్ గారూ. గెలిస్తే ఈసారి తాడు మీరొక్కరే పట్టుకుంటారు. మేమంతా వెనకాల నడుస్తాం. గ్రూపులో అందరూ ఒప్పుకున్నారు."

తిరుపతిరావు ఆ చొక్కాని మడతలు పాడవకుండా మోకాళ్ళ మీద పరిచి, భుజం దగ్గర కుట్టు మీద వేలితో రాశాడు.

"అయితే ఒకటి" అన్నాడు రవిచంద్ర. "ఈ సీజన్లో పరుగెత్తకపోతే ఇంక మేపలేం. అందరం అనుకున్న మాటే. అప్పుడు వాటాలు గీటాలు లేవు, మొత్తం గుర్రాన్ని మీకే రాసిచ్చేస్తాం. తోటలో కట్టేసుకుని మామిడిపళ్ళు పెట్టుకోండి." అని గట్టిగా నవ్వాడు. తిరుపతిరావూ నవ్వాడు. నీళ్ళ బక్కెట్టుతో అటుగా పోతున్న సాంబయ్య ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు.

కారు వెళ్ళాక సాంబయ్య వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు భుజమ్మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మొత్తం మనకే ఇచ్చేస్తారంటనాండీ?"

"నవ్వులకన్నాడు సాంబయ్యా."

"నవ్వులకైనా అన్నారు కదండీ." చెయ్యి చాపి చూపిస్తూ, "ఆ మూల గొడ్లచావిడి ఒక గోడే కదండీ పడింది. నేనూ మా ఇంటిది సత్యవతీ రెండు పూటల్లో కట్టేస్తాం. వానలకి లోపల ఉంటది. గడ్డి మనదే. ఉలవలు ఎంత తింటదిలెండి" అన్నాడు.

అతను చెబుతూంటే తిరుపతిరావుకి కళ్ళ ముందు కనిపించింది. చావిట్లో కట్టేసిన గుర్రం. మొదటి నెల ఊళ్ళోవాళ్ళు వచ్చి చూస్తారు. పిల్లలు మెడ నిమురుతారు. రెండో నెలకి అదీ ఒక గొడ్డే, గేదెకన్నా ఎక్కువ తిని పాలివ్వని గొడ్డు. మైకు ఉండదు. ఆదివారం ఉండదు. ఆఖరి మలుపు తిరిగి గుర్రాలన్నీ ఒక్కసారిగా కనపడ్డప్పుడు గుండె గొంతులోకి వచ్చేది ఉండదు. పరుగెత్తే గుర్రంలో ఎనిమిదో వంతు వేరు, పరుగెత్తని గుర్రం మొత్తం వేరు.

"చూద్దాంలే" అన్నాడు.

ఆ పై రోజు పదకొండింటికి ఫోను వచ్చింది. షెడ్డులో ఆఖరి కోత కాయలు వేరుచేస్తున్నారు. ప్రమీలారాణి పీట మీద, సత్యవతీ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ గడ్డి మీద కూర్చుని, మచ్చలేనివి ఒక ట్రేలో, మచ్చవి ఒక కుప్పలో వేస్తున్నారు. తిరుపతిరావు తొడిమలు విరుస్తున్నాడు. రెండు చేతులకీ సొన అంటుకుని వేళ్ళు నల్లగా జిగురెక్కి ఉన్నాయి. పైజేబులో ఫోను మోగుతూంటే ప్రమీలారాణి లేచి, తీసి, పేరు చూసి, ఆయన చెవి దగ్గర పెట్టి పట్టుకుంది.

"డేవిడ్ని మాట్లాడుతున్నానండీ." హైదరాబాదు ట్రైనరు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. "స్కాన్ చూశాను. నరం మానినట్టే ఉంది. బాగుంది. కానీ స్కాన్ ఆ ఒక్క పూట సంగతే చెబుతుంది. నాలుగు నెలల్నించీ రోజూ చూస్తున్నది మీరు. నడిపించాక ఆ కాలు వేడెక్కుతోందా?"

తిరుపతిరావు బొటనవేలి మీది సొనని గోటితో గీకాడు.

"ఉంటే ఉందని చెప్పండి, ఫరవాలేదు. లారీ పంపను. ఈ సీజను వదిలేద్దాం. ఆ తర్వాత ఏం చేసుకుంటారో మీ ఎనిమిదిమంది ఇష్టం. లేదంటే బుధవారం లారీ పంపుతాను. మిగతా ఏడుగురినీ అడిగి లాభం లేదు, వాళ్ళు చూడలేదు. చేత్తో చూసినవాళ్ళ మాటే నాకు కావాలి."

షెడ్డు గుమ్మంలోంచి గుర్రం కనిపిస్తోంది. నీడలో నిలబడి తోకతో ఈగలు తోలుకుంటోంది. దాని పక్కన పడిపోయిన గోడ దగ్గర సాంబయ్య రాళ్ళు ఏరి ఒకచోట పేరుస్తున్నాడు. ఎవరూ చెప్పలేదతనికి.

"లేదండీ" అన్నాడు తిరుపతిరావు.

"వేడి లేదు?"

"లేదు. మా మనిషి రెండు పూటలా చూస్తాడు. చల్లగానే ఉంటోందంటున్నాడు."

"నిజమే కదా?"

"నిజమేనండీ."

ప్రమీలారాణి ఫోను ఆయన చెవి దగ్గర్నించి తీసింది. దానికి అంటిన సొన పమిటచెంగుతో తుడిచి, ట్రే అంచు మీద పెట్టింది. పీట మీద కూర్చుంది. ఒక కాయ తీసి తిప్పి చూసింది. తొడిమ దగ్గర మిరియపుగింజంత నలుపుంది. మచ్చకాయల కుప్పలోకి విసిరింది. ఇంకో కాయ తీసింది.

భోజనాల దగ్గర మాత్రం ఒక మాటంది. "సాంబయ్య మొన్న మీతో ఏం చెప్పాడు?"

"ఏదో చెప్పాడు."

"నాతోనూ చెప్పాడులెండి" అని, పెరుగు వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం లారీ వచ్చింది. వెనక తలుపు దించితే నేలదాకా వాలే చెక్కబల్ల, లోపల గోడలకి పరుపులు. డ్రైవరుతో పాటు నెరిసిన మీసాలాయన ఒకడు దిగాడు, లాయంలో గుర్రాలు చూసేవాడు. హిందీ తప్ప ఇంకేం రాదు.

గుర్రం బల్ల మీద అడుగు పెట్టనంది. ముందుకాలు వేసి, బల్ల డొల్లగా మోగగానే వెనక్కి లాగింది. రెండోసారీ అంతే. డ్రైవరు బెల్టు తియ్యబోయాడు. సాంబయ్య "ఆగండాగండి" అని అడ్డం వచ్చి, షెడ్డులో కాయలకింద పరిచిన గడ్డి రెండు మోపులు తెచ్చి బల్ల నిండా పరిచాడు. తాడు డ్రైవరు దగ్గర్నించి తీసుకుని, దానికి వీపు తిప్పి, తనే ముందు ఎక్కాడు. వెనక్కి చూడలేదు. లాగలేదు. "బుజ్జమ్మా, రా" అన్నాడు. అది మెడ చాపి, గడ్డి వాసన చూసి, అతని వెనకాలే ఎక్కేసింది.

కట్టేసి దిగాక సాంబయ్య ఆ మీసాలాయన దగ్గరికి వెళ్ళి, తన ఎడమ ముంజేతిని చూపించి చెప్పడం మొదలుపెట్టాడు. "ఎడం కాలండీ. పొద్దున బానే ఉంటది. నడిపించాక వేడొచ్చిద్ది. వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు నీళ్ళు పట్టండి. నడక తగ్గించండి. మర్చిపోవద్దండీ." ఆయన తలూపుతున్నాడు. ప్రతి మాటకీ ఒకేలా తలూపుతున్నాడు. సాంబయ్యకి అనుమానం వచ్చింది.

"అయ్యగారూ, ఈయనకి తెలుగు రానట్టుందండీ. మీరు కాస్త చెప్పండి."

తిరుపతిరావుకి హిందీ వచ్చు. నలభయ్యేళ్ళు ఢిల్లీ, నాగపూరు సేట్లకి కాయలు అమ్మినవాడు. మీసాలాయన వైపు తిరిగి రెండు ముక్కలు చెప్పాడు. దారిలో మెల్లగా పోనివ్వండి, నీళ్ళు తాగించండి అని.

"చెప్పేశారా అండీ?"

"చెప్పాను."

సాంబయ్య నిమ్మళించి, ఆ మీసాలాయనకి రెండు చేతులూ జోడించాడు. లారీ తోట మలుపు తిరిగి, జి. కొండూరు రోడ్డెక్కి, దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఏడు వారాల తర్వాత ఒక ఆదివారం చిన్నరసం పరుగెత్తింది.

ప్రమీలారాణి రానంది. "మీ వాటా మీరు చూసుకురండి" అంది. తిరుపతిరావు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా కవర్లో పెట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కాడు. మధ్యాహ్నానికి రేసు మైదానంలో, యజమానులు నిలబడే కంచె లోపల ఉన్నాడు.

గుర్రాన్ని నడిపిస్తున్నారు. ఒళ్ళు అద్దంలా మెరుస్తోంది. తోటలో ఎండుగడ్డి అంటుకుని ఉండే జూలు ఇప్పుడు పాయలు పాయలుగా అల్లి ఉంది. తన ముందునుంచి పోతూంటే తిరుపతిరావు "బుజ్జమ్మా" అన్నాడు. తను ఎప్పుడూ అలా పిలవలేదు. దాని చెవి ఒకటి ఇటు తిరిగింది. పిలిచిన మనిషి కోసం కాబోలు, తల కూడా కాస్త తిప్పింది. తర్వాత వెళ్ళిపోయింది.

జాకీ వచ్చాడు. పసుపు, ఆకుపచ్చ. రవిచంద్ర అందర్నీ తిరుపతిరావు చుట్టూ నిలబెట్టి ఫోటో తీయించాడు. "ఇవాళ హీరో మా బాబాయ్ గారే" అన్నాడు. డేవిడ్ దూరంగా నిలబడి గుర్రం నడకనే చూస్తున్నాడు.

గేట్లు తెరుచుకున్న చప్పుడు ఇంతదూరం వినపడదు, మైకులో గొంతు ఒక్కసారి పెరుగుతుంది, అంతే. పన్నెండు గుర్రాలు. మలుపు దగ్గర చిన్నరసం నాలుగోది. మలుపు తిరిగాక మూడోది. తిరుపతిరావు చేతులు కంచె కమ్మీని పట్టుకున్నాయి. పసుపుచొక్కా బయటి వైపునుంచి వస్తోంది. రెండోది. మైకు ఆ పేరు పలికింది, మళ్ళీ పలికింది, ఇంకా గట్టిగా పలికింది. ఆయన అరుస్తున్నాడు. ఏం అరుస్తున్నాడో తెలియదు, రవిచంద్ర వీపు మీద కొడుతున్నాడు, లోకంలో ఇంకేం లేదు. పంటా లేదు, పురుగూ లేదు, అరవయ్యేళ్ళూ లేవు.

అప్పుడు దాని తల కిందికి వాలిపోయింది. మెట్టు ఉందనుకుని లేనిచోట అడుగు వేసిన మనిషిలా. పసుపుచొక్కా గాల్లోకి లేచి గడ్డిలో పడింది. వెనక గుర్రాలు పక్కలకి చీలిపోయాయి. గడ్డిలోంచి చిన్నరసం లేచి నిలబడింది. మూడు కాళ్ళ మీద నిలబడింది. నాలుగోది మోకాలి కింద వేలాడుతోంది. ముందుకి వెళ్ళిపోయిన గుర్రాల వైపు చూసి, అటే నాలుగడుగులు వేసింది.

మనుషులు ఆకుపచ్చ పరదాలు పట్టుకుని పరుగెత్తారు. చుట్టూ కట్టారు. డాక్టరు సూదిమందు పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళాడు. జాకీ భుజం పట్టుకుని లేచి కూర్చున్నాడు. పరదా పైన గుర్రం చెవులు కాసేపు కనిపించాయి. తర్వాత కనిపించలేదు.

డేవిడ్ టోపీ చేతిలో పట్టుకుని తిరిగి వచ్చాడు. బూట్లకి మట్టి ఉంది.

"కుడి కాలండీ" అన్నాడు.

"కుడిదా?" అన్నాడు తిరుపతిరావు. "ఎడమది కదా వేడి..."

అక్కడ ఆగిపోయాడు. డేవిడ్ ఆయన ముఖం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అలిసిపోయిన మనిషి చూపు.

"ఎడమకాలు నొప్పిగా ఉన్న గుర్రం బరువంతా కుడికాలి మీద వేస్తుంది" అన్నాడు. "గుర్రం నోరు విప్పి చెప్పలేదు కదా పాపం." అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రవిచంద్ర భుజమ్మీద చెయ్యి వేశాడు. "ఇన్సూరెన్సు ఉందిలెండి బాబాయ్ గారూ, మీరేం బెంగపెట్టుకోకండి. డిసెంబరులో ఇంకో గుర్రం పిల్లని చూద్దాం."

మర్నాడు పొద్దున తోటకి వెళ్ళేదారిలో తిరుపతిరావు అంతా సిద్ధం చేసుకున్నాడు. బస్సులో రాత్రంతా కూర్చిన మాటలు.

రెండ్రోజులుగా వాన పడి తెరిపిచ్చింది. కాపు అయిపోయిన చెట్లకి సాంబయ్య ఎండుకొమ్మలు తీస్తున్నాడు. ఆయన్ని చూసి నిచ్చెన దిగి, కత్తి చెట్టుకి ఆనించి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. గొడ్లచావిడి గోడ పూర్తయి ఉంది. మట్టి మెత్తి, పైన వానకి తడవకుండా తాటాకులు కప్పి ఉన్నాయి.

"అమ్మేశారు సాంబయ్యా" అన్నాడు తిరుపతిరావు. "బెంగుళూరు దగ్గర ఒక పెద్ద ఫారం వాళ్ళు. ఇంక పరుగులు లేవు దానికి. పిల్లల్ని కనడానికి తీసుకున్నారు."

"అట్టాగాండీ."

"మంచి ఫారమే."

"పచ్చగడ్డేనాండీ?"

"ఎటు చూసినా పచ్చికే. ఎకరాలకెకరాలు."

"కట్టేయరుగా?"

"కట్టెయ్యరు. వదిలేస్తారు."

సాంబయ్య తలూపాడు. నేలమీదున్న కొమ్మల్లోంచి ఒక పుల్ల తీసి, బెరడు గోటితో ఒలిచాడు. తిరుపతిరావు ఇంకా చెబుతూనే ఉన్నాడు. అక్కడో చెరువుంది, చల్లటి ఊరు, డాక్టర్లున్నారు. చెప్పేకొద్దీ ఆయనకే అక్కడ గుర్రం మేస్తున్నట్టు కనిపించింది.

అన్నీ విన్నాక సాంబయ్య అన్నాడు: "మా దివ్య ఫోన్లో చూపించిందండీ. నిన్న మధ్యాన్నం. బుజ్జమ్మ పరుగెడతాదని అందరం కూర్చుని చూశాం. సత్యవతి ఇంతవరకూ అన్నం ముట్టలేదు."

తిరుపతిరావు చూపు గొడ్లచావిడి కొత్త గోడ మీదకి పోయింది.

"మీరు చెప్పలేక అట్టా చెబుతున్నారని తెలుసండీ. చెప్పనిద్దాం, మీకూ కాస్త తేలికవుద్దని ఊరుకున్నాను." పుల్ల పారేశాడు. "మీరు మాత్రం ఏం చేస్తారండీ? కాలు వేడొస్తందని చెప్పే ఉంటారు. ఏడుగురొక మాట మీదుంటే ఎనిమిదోవాడి మాట ఎవరింటారు? మీ చేతుల్లో ఏముంది. మనసు కష్టపెట్టుకోబాకండి."

అదే మాట. బస్సులో హైదరాబాదు నుంచి నూజివీడు దాకా తిరుపతిరావు తనకి తను చెప్పుకుంటూ వచ్చిన మాట. నాది ఎనిమిదో వంతు, నా మాటెంత. దాన్నే ఇప్పుడు సాంబయ్య చేతులు కట్టుకుని, కళ్ళు ఎర్రబడి, ఆయన కోసం చెబుతున్నాడు. తీసుకుంటే చాలు. ఊఁ అంటే చాలు. ఇంటికి వెళ్ళి స్నానం చేసి పడుకోవచ్చు.

"చెప్పలేదు సాంబయ్యా" అన్నాడు.

సాంబయ్యకి అర్థం కాలేదు.

"ట్రైనరు ఫోను చేసి అడిగాడు. మీరు వేడుందంటే లారీ పంపనన్నాడు. మిగతా ఏడుగురితో పన్లేదు, మీ మాటే చాలన్నాడు. లేదన్నాను." అక్కడితో ఆపలేదు. "మా మనిషి రోజూ చూస్తున్నాడు, చల్లగా ఉందంటున్నాడు అని నీ మీద పెట్టి చెప్పాను. లారీ వచ్చినరోజు ఆ హిందీ ఆయనకీ ఏం చెప్పలేదు."

చెట్ల మీద నిలిచిన వాననీళ్ళు గాలికి రాలాయి. సాంబయ్య తన కుడిచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు ఒకసారి చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పంచెకి తుడుచుకున్నాడు. ఏదైనా అంటాడని తిరుపతిరావు చూస్తున్నాడు. తిట్టినా బాగుండు. తువ్వాలు విసిరికొట్టి వెళ్ళిపోయినా బాగుండు.

"ఈ మాట నాకెందుకు చెప్పారండీ?" అన్నాడు సాంబయ్య.

"నిజం నీకైనా చెప్పాలి కదా..."

"చెప్పకుండా ఉండాల్సిందండీ. మీ మానాన మీరు అట్టా బెంగుళూరు కబుర్లు చెబుతా ఉంటే, నా మానాన నేను ఇంటా ఉండేవాణ్ణి." గొంతు పెంచలేదు. "రేపు పొద్దున్నే మళ్ళీ మీ తోటకే రావాలి కదండీ నేను."

వంగి కత్తి తీసుకున్నాడు. నిచ్చెన భుజానికెత్తుకుని తర్వాతి చెట్టుకి వేసి, ఎక్కాడు. తిరుపతిరావు కదలకుండా అక్కడే, చెట్టు కింద నిలబడి ఉన్నాడు. పైన కొమ్మల్లో కత్తి దెబ్బ ఒకటి పడింది, రెండోది పడింది, తర్వాత ఆగింది.

"పక్కకి జరగండి అయ్యగారూ" అన్నాడు సాంబయ్య పైనుంచి, ఎప్పటి మర్యాదతోనే. "కొమ్మ పడిద్ది."